మొదటి ఏడాదిని చంపి మేడలు కడతారా?

2014 జూన్ 13న భారతదేశానికి వాషింగ్టన్ ఒప్పందంలో శాశ్వత సభ్యత్వం దక్కింది. మన దేశంలో పైస్థాయి గుర్తింపు ఉన్న ఇంజనీరింగ్ డిగ్రీలు అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా డిగ్రీలకు సాటి అని ప్రపంచం ఒప్పుకున్న రోజు అది. సరిగ్గా పదిహేను రోజులు గడిచాయి. జూన్ 28 శనివారం సాయంత్రం వాన పడుతుండగా చెన్నై శివారు మౌలివాక్కంలో కడుతున్న 11 అంతస్తుల భవనం ఉన్నచోటే కుప్పకూలింది. 61 మంది చచ్చిపోయారు.

ఆ చనిపోయినవాళ్ళు ఎవరు? విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల పల్లెల నుంచి పని వెతుక్కుంటూ వచ్చిన మనవాళ్ళు చాలామంది అందులో ఉన్నారు. ఆంధ్రప్రదేశ్ విడిపోయి అప్పటికి నెల కూడా తిరగలేదు. కొత్త రాష్ట్రానికి చెన్నై నుంచి వరసగా శవాలు వచ్చాయి. వారం తిరిగిందో లేదో, జూలై 6న, రెడ్‌హిల్స్ దగ్గర ఒక గోదాము గోడ గుడిసెల మీద కూలి మరో 11 మంది కూలీలు నిద్రలోనే పోయారు.

మౌలివాక్కంలో బిల్డరు చెప్పిన మొదటి మాట: పిడుగు పడింది. జస్టిస్ రఘుపతి కమిషన్ వేశారు. నిపుణులు చూశారు. తప్పు పిడుగుది కాదని, భవనం డిజైన్‌లోనే, బరువు మోయాల్సిన పిల్లర్లలోనే ఉందని తేలింది. పక్కనే నిలబడి ఉన్న రెండో టవర్‌ను కూడా 2016 నవంబర్ 2న పేలుడు పదార్థాలు పెట్టి నేలమట్టం చేశారు.

పిల్లరు మీద ఎంత బరువు పడుతుంది, ఆ బరువును పిల్లరు మోయగలదా, పిల్లరు కింది మట్టి మోయగలదా? ఈ ప్రశ్నలు పీహెచ్‌డీ స్థాయివి కావు. ఇంజనీరింగ్ కాలేజీలో అడుగుపెట్టిన కుర్రవాడికి మొదటి ఏడాదిలోనే వంటబట్టాల్సినవి. అందుకే అంటున్నాను: మన దేశంలో, ముఖ్యంగా మన పిల్లలు లక్షలు పోసి చదువుతున్న ఈ చెన్నై చుట్టుపక్కల, ఇంజనీరింగ్ మొదటి ఏడాదిని నిలువునా చంపేశారు. దాన్ని చంపినవాళ్ళకు మేడలు కట్టేవాళ్ళను తయారుచేసే హక్కు లేదు.

మొదటి ఏడాది అంటే సీనియర్లు ఏం చెబుతారో అందరికీ తెలుసు. ‘ఎలాగోలా గట్టెక్కెయ్, అసలు సబ్జెక్టులు రెండో ఏడాదిలో వస్తాయి.’ తల్లిదండ్రులదీ అదే మాట. యాజమాన్యాలదీ అదే ఆలోచన. ఈ మాట పచ్చి అబద్ధం. అసలు పునాదులన్నీ మొదటి ఏడాదిలోనే పడాలి. తర్వాత వచ్చేవన్నీ వాటి మీద ఆధారపడి నిలబడేవే. అక్కడ తప్పిన లెక్క నాలుగో ఏడాది ప్రాజెక్టులో దొరకదు. సైట్లో దొరుకుతుంది, శిథిలాల కింద.

మొదటి ఏడాది కుర్రాడి చేత ఏ లెక్క చేయించాలో ఇక్కడే చేసి చూపిస్తాను. పదడుగుల గది మీద అయిదంగుళాల స్లాబు వేశారనుకోండి. కాంక్రీటు ఘనపు మీటరుకు రెండున్నర టన్నులు తూగుతుంది. ఆ ఒక్క స్లాబే దాదాపు మూడు టన్నులు. ఇప్పుడు ఒక పెద్ద భవనంలో ఒక పిల్లరు తీసుకోండి. దాని చుట్టూ నాలుగు మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు ఉన్న జాగా బరువు దాని మీదికి వస్తుంది. స్లాబు, బీములు, గోడలు, టైల్సు, మనుషులు, సామాన్లు అన్నీ కలిపి చదరపు మీటరుకు ఒక టన్ను చొప్పున వేసుకున్నా అంతస్తుకు 16 టన్నులు. 11 అంతస్తులకు 176 టన్నులు. కోడ్ ప్రకారం భద్రత కోసం దాన్ని ఒకటిన్నర రెట్లు చేస్తే 264 టన్నులు. అదే పిల్లరు అడుగు మందం, అడుగు వెడల్పు ఉండి, ఎం25 కాంక్రీటుతో, ఒక శాతం ఇనుముతో కట్టినదైతే, కాంక్రీటు కోడ్ ఐఎస్ 456 సూత్రం ప్రకారం అది మోయగలిగేది 120 టన్నులకు అటూఇటూ. కావలసినదాంట్లో సగం కూడా కాదు.

ఇవి మౌలివాక్కం అంకెలు కావు, తరగతి గదిలో నల్లబల్ల మీద వేయాల్సిన లెక్క. ఇందులో కంప్యూటర్ లేదు. ఉన్నదంతా గుణకారం, కొంచెం ఇంగితం, బరువు పైనుంచి కిందికి ఏ దారిన దిగుతుందో కళ్ళకు కట్టినట్టు చూడగలిగే అలవాటు. ఆ అలవాటు ఉన్న సైట్ ఇంజనీరు ఒక్కడున్నా పదకొండో అంతస్తుకు సెంట్రింగ్ కొట్టేముందు ‘ఆగండి’ అంటాడు. అది లేనివాడు డ్రాయింగ్ పట్టుకుని మేస్త్రీ వెనక తిరుగుతాడు.

బాల్కనీ సంగతి చూడండి. గదిమీది స్లాబుకు రెండు వైపులా ఆధారం ఉంటుంది, మధ్యలో కిందికి వంగుతుంది, అడుగుభాగం సాగుతుంది, కాబట్టి ఇనుము అడుగున పెట్టాలి. బాల్కనీకి ఒకవైపే ఆధారం. చివర కిందికి వంగుతుంది, పైభాగం సాగుతుంది, కాబట్టి ఇనుము పైన ఉండాలి. కాంక్రీటు పోసే హడావుడిలో కూలీలు తొక్కితే పైనున్న ఊచలు కిందికి దిగిపోతాయి. చూడటానికి ఇనుము ఉన్నట్టే ఉంటుంది, ఉండాల్సిన చోట మాత్రం ఉండదు. కింది కర్రలు తీసిన రోజున, లేదా పెళ్ళికి పదిమంది బాల్కనీలో నిలబడిన రోజున, అది ఊడి పడుతుంది. ఎందుకు పైన పెట్టాలో తెలిసిన కుర్రాడు ఊచల కింద వాటిని పైకి నిలిపే ఛైర్లు సరిగా ఉన్నాయా అని వంగి చూస్తాడు. ‘కాంటిలివర్ నిర్వచనం రాయుము’ అని రెండు మార్కులకు బట్టీపట్టినవాడు చూడడు. వాడికి అక్కడ చూడాల్సింది ఉందనే తెలియదు.

కాంక్రీటులో నీళ్ళ సంగతీ ఇంతే. జారుగా ఉంటే పని తేలిక కాబట్టి మరో బకెట్టు నీళ్ళు పోస్తారు. నీళ్ళు పెరిగితే బలం తగ్గుతుందని డఫ్ ఏబ్రమ్స్ అనే పరిశోధకుడు షికాగోలో 1918లోనే తేల్చి చెప్పాడు. ఎక్కువైన నీళ్ళు ఆరిపోయి లోపల సన్నని రంధ్రాలు మిగులుతాయి. చెన్నై లాంటి సముద్రతీర నగరంలో, మన విశాఖలో, కాకినాడలో, ఆ రంధ్రాల గుండా ఉప్పు ఇనుము దాకా చేరుతుంది. ఇనుము తుప్పు పట్టి ఉబ్బి కాంక్రీటును పగలగొడుతుంది. ఇది రసాయనశాస్త్రం. ఇంజనీరింగ్ విద్యార్థికి కెమిస్ట్రీ ఎందుకు పెట్టారో చెప్పే పాఠం ఇంతకంటే వేరేది లేదు.

మరి ఏం చెబుతున్నారు? అన్నా విశ్వవిద్యాలయం 2021 రెగ్యులేషన్ తీసి చూడండి. ఆ ఏడాది నుంచి తమిళనాడులో వందల కాలేజీలకు అదే ప్రమాణమైంది. మొదటి సెమిస్టర్ ఇంజనీరింగ్ కెమిస్ట్రీలో అయిదు యూనిట్లు: నీరు దాని శుద్ధి, నానో కెమిస్ట్రీ, ఫేజ్ రూల్ - కాంపోజిట్లు, ఇంధనాలు, బ్యాటరీల వంటి శక్తి వనరులు. అన్ని బ్రాంచీలకూ కలిపి ఒకటే. బంగాళాఖాతం ఒడ్డున ఇళ్ళు కట్టబోయే సివిల్ విద్యార్థికి సిమెంటు పేరిట ఒక యూనిట్ లేదు, తుప్పు పేరిట ఒక యూనిట్ లేదు. అంతకుముందు రెండో సెమిస్టర్‌లో ఉండే ఇంజనీరింగ్ మెకానిక్స్‌ను సివిల్ వాళ్ళకు మూడో సెమిస్టర్‌కు నెట్టారు. అంటే సివిల్ ఇంజనీరింగ్‌లో చేరిన కుర్రాడు ఒక ఏడాదంతా బరువు గురించి, ఆధారం గురించి, సమతుల్యం గురించి ఒక్క పూర్తి పాఠం వినకుండానే రెండో ఏడాదిలోకి వెళ్ళేవాడు. మొదటి సెమిస్టర్‌లో వాడికి పైథాన్ మాత్రం ఉండేది.

పైథాన్ మీద నాకు పగ లేదు. ఆ పైథాన్‌తోనే పిల్లరు బరువు లెక్క వేయించవచ్చు, వర్షపాతం అంకెలతో డ్రైనేజీ కాలువ కొలతలు తేల్చవచ్చు. అలా చేస్తే అంతకంటే మంచి పాఠం ఉండదు. కానీ అన్ని బ్రాంచీలకూ ఒకే సిలబస్ రుద్దటం కాలేజీకి చౌక. ఒకే అధ్యాపకుడు, ఒకే నోట్సు, ఒకే ప్రశ్నపత్రం. ఆ పొదుపు కోసం సివిల్ విద్యార్థి తన వృత్తితో పరిచయం లేకుండా ఏడాది గడపాలి.

ఇక పరీక్ష. రెండు మార్కుల ప్రశ్నలు పది, 13 మార్కులవి అయిదు, 15 మార్కులది ఒకటి. ఏ యూనిట్ నుంచి ఏది వస్తుందో ముందే తెలుసు. పాత ప్రశ్నపత్రాలు, ‘టూ మార్క్స్ విత్ ఆన్సర్స్’ పుస్తకాలు, జిరాక్స్ షాపుల్లో అమ్మే నోట్సు. పరీక్షకు ముందు రాత్రి అవి మింగి, పొద్దున కక్కి, సాయంత్రానికి మరిచిపోతారు. ఎన్నడూ చూడని లెక్క ఒక్కటి ఇచ్చి ‘నువ్వే ఆలోచించు’ అంటే కాలేజీ పాస్ శాతం పడిపోతుంది. పాస్ శాతం పడిపోతే వచ్చే ఏడు సీట్లు నిండవు. కాబట్టి ఆలోచించాల్సిన ప్రశ్న రాదు. ప్రశ్నపత్రాన్ని ఇప్పుడు సీట్ల వ్యాపారం రాస్తోంది.

వర్క్‌షాపు చూడండి. ఒక ఇనుప ముక్కను అరగదీసి రికార్డు రాయడం, ఒక చెక్క జాయింటు చేయడం, సంతకం, మార్కులు. సివిల్ విద్యార్థి నాలుగేళ్ళలో ఎన్నిసార్లు తన చేత్తో ఊచ వంచుతాడు? ఎన్నిసార్లు సిమెంటు, ఇసుక, కంకర కొలిచి కలిపి, క్యూబ్ పోసి, 28 రోజులు తడిపి, మిషన్లో పెట్టి అది పగిలే దాకా నిలబడి చూస్తాడు? నీళ్ళు ఎక్కువ పోసిన క్యూబ్, సరిగ్గా పోసిన క్యూబ్ రెండూ పక్కపక్కన పగలగొట్టి చూపిస్తే ఏబ్రమ్స్ చెప్పింది జన్మలో మరిచిపోడు.

ఈ పాఠాలన్నీ చెప్పాల్సిన మనుషులు ఎక్కడ? 2024 జూలైలో అరప్పోర్ ఇయక్కం అనే చెన్నై సంస్థ బయటపెట్టిన ఆరోపణ గుర్తు తెచ్చుకోండి. అన్నా విశ్వవిద్యాలయం కింది కాలేజీల్లో 353 మంది అధ్యాపకులు ఒకే సమయంలో ఒకటికి మించిన కాలేజీల్లో పూర్తికాలం ఉద్యోగులుగా కాగితాల మీద ఉన్నారని ఆ సంస్థ వివరాలతో చెప్పింది. తనిఖీ రోజున కుర్చీలో కూర్చోడానికే ఒక పేరు కావాలనుకునే చోట పాఠం ఎవరు చెబుతారు? పేరు ఉంది, జీతం రిజిస్టరు ఉంది. నల్లబల్ల ముందు ఎవరూ లేరు. నిజంగా పనిచేసే అధ్యాపకుల గతి కూడా అంత మంచిగా లేదు. కోర్స్ అవుట్‌కమ్, ప్రోగ్రామ్ అవుట్‌కమ్ అంటూ పట్టికలు నింపడంలో వాళ్ళ సాయంత్రాలు పోతున్నాయి. వాషింగ్టన్ ఒప్పందం స్ఫూర్తి విద్యార్థికి ఏం వచ్చో చూడమని. మనం మాత్రం దాన్ని ఫైళ్ళు నింపే పనిగా దిగజార్చాం.

మొదటి ఏడాది హత్యలో ప్రభుత్వాలూ భాగస్వాములే. 2020 ఆగస్టులో కోవిడ్ కారణం చూపి, పరీక్ష ఫీజు కట్టినవాళ్ళందరి అరియర్ (తప్పిన సబ్జెక్టుల) పరీక్షలు రద్దు చేసి పాస్ చేస్తామని తమిళనాడు ప్రభుత్వం ప్రకటించింది. ఫీజు కట్టడమే అర్హత. ఆ అరియర్లలో మెకానిక్స్ ఉంది, మ్యాథ్స్ ఉంది, స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్ ఉంది. సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ అభ్యంతరం చెప్పింది. మద్రాసు హైకోర్టు దాకా వెళితే గానీ పరీక్ష పెట్టాల్సిందేనన్న మాట రాలేదు. అదే ఏఐసీటీఈ 2021 మార్చిలో ఇంటర్‌లో 14 సబ్జెక్టుల జాబితాలో ఏ మూడు చదివినా ఇంజనీరింగ్‌లో చేరవచ్చని, మ్యాథ్స్, ఫిజిక్స్ తప్పనిసరి కావని రాసింది. దేశమంతా గగ్గోలు పుట్టాక, అది రాష్ట్రాల ఇష్టమని, లోటును బ్రిడ్జి కోర్సులతో పూడుస్తామని సర్దుకుంది. అసలు తరగతులే మొక్కుబడిగా సాగుతున్నచోట బ్రిడ్జి కోర్సు ఎవరు, ఎప్పుడు, ఎలా చెబుతారు?

ఇప్పుడు మన సంగతి. తెలుగు తల్లిదండ్రులారా, కోపం తెచ్చుకోకుండా వినండి. నెల్లూరు, చిత్తూరు, గుంటూరు, ఖమ్మం నుంచి ఏటా మన పిల్లలు చెన్నై చుట్టూ ఉన్న ప్రైవేటు విశ్వవిద్యాలయాలకు వెళుతున్నారు. వాళ్ళు అక్కడికి వెళ్ళకముందే రెండేళ్ళు కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో తెల్లవారుజాము నుంచి అర్ధరాత్రి దాకా నాలుగు ఆప్షన్లలో ఒకటి నిమిషంలో గుర్తుపట్టడం నేర్చుకున్నారు. సరైన జవాబు పక్కన చుక్క పెట్టడం వచ్చు. తెల్లకాగితం మీద ఒక బీము బొమ్మ గీసి దాని మీద పనిచేసే బలాలన్నీ బాణాలుగా చూపించడం రాదు. ఆ లోటు మొదటి ఏడాదిలో తీరాలి. తీరాల్సిన ఏడాదిని మనమే పండగలా, విశ్రాంతిలా, గట్టెక్కాల్సిన కాలువలా చూస్తున్నాం. కాలేజీ చూడటానికి వెళ్ళినప్పుడు ఏసీ గదులు, భోజనం, ప్లేస్‌మెంట్ ప్యాకేజీ అడుగుతాం. మెకానిక్స్ ఎవరు చెబుతారని ఒక్క తండ్రి అడిగాడా? కాంక్రీటు ల్యాబ్ చూపించమని ఒక్క తల్లి అడిగిందా?

పైన చేతిలో డ్రాయింగ్‌తో నిలబడేదీ మన పిల్లవాడే. కింద గమేళా మోసేదీ మనవాడే. గుంటూరు నుంచి వచ్చినవాడు సరిగా చదవకపోతే బొబ్బిలి నుంచి వచ్చినవాడు చస్తాడు. ఒక జాతిగా మనం ఈ రెండు వైపులా ఉన్నాం. అందుకే ఇది తమిళనాడు గొడవ, మనకెందుకు అనే వీలు మనకు లేదు.

‘ఇప్పుడంతా సాఫ్ట్‌వేరే చూసుకుంటుంది’ అనే వాదన ఒకటి ఉంది. స్టాడ్, ఈట్యాబ్స్ వంటి డిజైన్ సాఫ్ట్‌వేర్లు ఉండగా చేతి లెక్కలెందుకు అంటారు. ఆ సాఫ్ట్‌వేర్ మీరు ఇచ్చిన అంకెకు జవాబు చెబుతుంది. మీరు ఇచ్చిన అంకె తప్పని చెప్పదు. మట్టి మోసే శక్తి మూడింతలు ఎక్కువ రాస్తే, ఆ తప్పుడు మట్టి మీదే అందంగా రంగుల బొమ్మ గీసి ఇస్తుంది. తప్పు పట్టాల్సింది మనిషి. చేతి లెక్కతో సుమారు జవాబు ముందే తెలిసినవాడికి మాత్రమే స్క్రీన్ మీద వచ్చింది సరైనదో కాదో తెలుస్తుంది.

దీనికి లోకమంతా తెలిసిన సాక్ష్యం ఉంది. 1981 జూలై 17న అమెరికాలో కాన్సస్ సిటీ హయత్ రీజెన్సీ హోటల్లో గాలిలో వేలాడే నడవాలు కూలి 114 మంది చనిపోయారు. కారణం ఏమిటి? పైకప్పు నుంచి వేలాడే ఒకే పొడవాటి కడ్డీకి నాలుగో అంతస్తు నడవా, రెండో అంతస్తు నడవా రెండూ తగిలించాలన్నది మొదటి డిజైన్. బిగించడం సులువవుతుందని ఆ ఒక్క కడ్డీని రెండు చేశారు. కింది నడవాను పై నడవా నుంచి వేలాడదీశారు. దాంతో పై నడవా కింద ఉన్న నట్టు మీద పడే బరువు రెట్టింపయింది. బలాలను బాణాలుగా చూపే ఫ్రీ బాడీ డయాగ్రామ్ గీస్తే రెండు నిమిషాల్లో కనబడే సంగతి అది. మెకానిక్స్ మొదటి పాఠం. గొప్ప అనుభవం ఉన్న దేశంలో, లైసెన్సు ఉన్న ఇంజనీర్లు, ఆ ఒక్క బొమ్మ గీయకుండా మార్పుకు ముద్ర వేశారు. వాళ్ళ లైసెన్సులు పోయాయి. ఆ పాఠాన్ని అక్కడి కాలేజీల్లో ఇప్పటికీ చెబుతారు. మౌలివాక్కం గురించి మన కాలేజీల్లో ఏ సెమిస్టర్‌లో చెబుతున్నారు?

‘సివిల్‌లో జీతాలు లేవు, అందరూ సాఫ్ట్‌వేర్‌కే పోతారు, వాళ్ళకు పిల్లరు లెక్కలెందుకు’ అనేది రెండో వాదన. పోయేవాళ్ళు పోనీయండి. కానీ చేతిలో ఉన్న డిగ్రీ మీద ‘సివిల్ ఇంజనీరింగ్’ అని ఉన్నంతకాలం, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం పోయిన రోజున వాడు ఊరికి వచ్చి మూడంతస్తుల ఇంటికి ప్లాన్ గీసిస్తాడు. ఎవరూ ఆపలేరు. డాక్టరుకు వైద్య కమిషన్ ఉంది, లాయరుకు బార్ కౌన్సిల్ ఉంది, ఆర్కిటెక్టుకు 1972 చట్టం ఉంది. ఇంజనీరుకు దేశమంతటా వర్తించే లైసెన్సు చట్టం లేదు. నగరపాలక సంస్థలు స్ట్రక్చరల్ ఇంజనీర్లను నమోదు చేసుకుంటాయి గానీ, ఆ నమోదుకు మూలాధారం మళ్ళీ ఆ డిగ్రీయే. అంటే మన భద్రత అంతా మొదటి ఏడాది తరగతి గది మీదే ఆనుకుని ఉంది. గాలిలో దీపం పెట్టి దేవుడా నీదే భారం అన్నట్టు బతుకుతున్నాం.

ఇదంతా చేతకాని పని అని మాత్రం చెప్పకండి. చెన్నై నగరానికి చేతనైన పని ఇది. 1794లో సెయింట్ జార్జ్ కోటలో మైకేల్ టాపింగ్ పూనికతో ఎనిమిది మంది కుర్రాళ్ళతో సర్వే బడి మొదలైంది. యూరప్ బయట ఇంత పాత సాంకేతిక విద్యాలయం అరుదు. ఆ బడిలో కుర్రాళ్ళు నేర్చుకున్నది నేలను కొలవడం. చేతిలో గొలుసు పట్టుకుని ఎండలో నిలబడి, కొలిచి, గీసి, తప్పు వస్తే మళ్ళీ కొలవడం. ఆ బడే కాలక్రమంలో గిండీ ఇంజనీరింగ్ కాలేజీ అయింది, 1978లో అన్నా విశ్వవిద్యాలయంలో భాగమైంది. నాగార్జునసాగర్‌ను మనకిచ్చిన కానూరి లక్ష్మణరావు చదివింది అక్కడే. 1940లో అదే కాలేజీలో చేరింది అయ్యలసోమయాజుల లలిత. పదిహేనో ఏట పెళ్ళి, పద్దెనిమిదో ఏట వైధవ్యం, చేతిలో పసిబిడ్డ. ఆ తెలుగు ఆడపిల్ల దేశంలో మొదటి మహిళా ఇంజనీర్లలో ఒకరైంది. డిగ్రీ పత్రంలో అచ్చయి ఉన్న ‘అతడు’ కొట్టేసి ‘ఆమె’ అని రాయాల్సి వచ్చింది. ఆ డిగ్రీ ఊరికే రాలేదు. జమాల్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ప్రాక్టికల్ శిక్షణ పొంది సంపాదించుకుంది. పెద్ద సదుపాయాలు లేని కాలంలో, బ్రిటిష్ పాలనలో, ఒక వితంతువుకు ఇవ్వగలిగిన గట్టి చదువును, ఇన్ని కోట్ల భవనాలు కట్టుకున్న కాలేజీలు నేటి పిల్లలకు ఎందుకివ్వలేవు?

ఇవ్వగలవు. ఇవ్వాలంటే చేయాల్సినవి కొండంత పనులేమీ కావు. సివిల్, ఆర్కిటెక్చర్ విద్యార్థులకు మెకానిక్స్ మొదటి ఏడాదిలోనే ఉండాలి. పాఠంతో పాటు అంతే సమయం లెక్కలు చేయించే తరగతి ఉండాలి. దాన్ని కొత్తగా చేరిన ఎంటెక్ కుర్రాడికి అంటగట్టకుండా, ఆ శాఖలో అందరికంటే పెద్ద ప్రొఫెసర్ చెప్పాలి. కెమిస్ట్రీలో సివిల్ వాళ్ళకు సిమెంటు, నీరు, తుప్పు విడిగా చెప్పాలి. వర్క్‌షాపులో ఊచ వంచి కట్టడం, సెంట్రింగ్ కొట్టడం, క్యూబ్ పోసి పగలగొట్టడం తప్పనిసరి చేయాలి. పరీక్షలో కనీసం సగం మార్కులు మునుపెన్నడూ అడగని ప్రశ్నలకు, పుస్తకం తెరిచి రాసే పద్ధతిలో ఇవ్వాలి. మౌఖిక పరీక్షలో విద్యార్థిని తన కాలేజీ భవనం ముందు నిలబెట్టి, పైకప్పు మీద పడిన వాన నీటి బరువు ఏ ఏ దారుల్లో నేలకు దిగుతుందో చెప్పించాలి. చెప్పలేనివాడిని రెండో ఏడాదికి పంపకూడదు. అది కాఠిన్యం కాదు. వాడి మీద, వాడి కింద పనిచేయబోయేవాళ్ళ మీద దయ.

పాఠం పిల్లవాడికి అర్థమయ్యే భాషలో చెప్పాలి. తమిళనాడులో అన్నా విశ్వవిద్యాలయం 2010లోనే సివిల్, మెకానికల్ తమిళ మాధ్యమంలో మొదలుపెట్టింది. 2021లో ఏఐసీటీఈ తెలుగుతో సహా పలు భారతీయ భాషల్లో ఇంజనీరింగ్‌కు దారి తెరిచింది. మాధ్యమం ఏదైనా సరే, బలం అంటే ఏమిటో, వంపు అంటే ఏమిటో పిల్లవాడికి తన భాషలో ఒకసారి మనసుకు ఎక్కితే చాలు, తర్వాత ఇంగ్లీషులో ఎంతయినా రాస్తాడు.

అన్నిటికంటే ముందు, రఘుపతి కమిషన్ నివేదికను ఈ నగరంలో సివిల్, ఆర్కిటెక్చర్ చదివే ప్రతి విద్యార్థికీ మొదటి ఏడాది పాఠ్యపుస్తకం చేయాలి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ విశ్వవిద్యాలయాలు కూడా దాన్ని తెప్పించుకోవాలి. మన మనుషుల ప్రాణాలు తీసిన తప్పు ఏమిటో మన పిల్లలకు చెప్పడానికి ఎవరి అనుమతి కావాలి? జేఎన్‌టీయూలు, ఉస్మానియా, ఆంధ్ర విశ్వవిద్యాలయం వచ్చే విద్యాసంవత్సరంలోనే ఈ పని చేయవచ్చు. దీనికి నిధులు అక్కర్లేదు. సిగ్గు ఉంటే చాలు.

ఇప్పుడు మొదటి ఏడాదిలో ఉన్న పిల్లలతో రెండు మాటలు. మీకు చెప్పకపోతే అడగండి. అధ్యాపకుడు రాకపోతే ప్రిన్సిపాల్ గది ముందు నిలబడండి. మీ నాన్న కట్టిన ఫీజులో మెకానిక్స్ పాఠం ఉంది, కాంక్రీటు ల్యాబ్ ఉంది, అవి మీ హక్కు. ఇవ్వకపోతే విశ్వవిద్యాలయానికి రాయండి, పేపర్లకు రాయండి, మీ ఊరి ఎమ్మెల్యేకు రాయండి. సెలవుల్లో మీ ఊళ్ళో ఇల్లు కడుతుంటే వెళ్ళి మేస్త్రీని అడగండి, ఇనుము ఎందుకలా కట్టాడో చెప్పించుకోండి, మీ పుస్తకంతో సరిచూసుకోండి. రేపు ఎప్పుడైనా మీకు తెలియని లెక్క కింద సంతకం పెట్టమని బిల్డరు అడిగితే, ఎంత జీతం ఇచ్చినా, ఎంత బెదిరించినా పెట్టకండి. అర్థం కాని డ్రాయింగ్ మీద ఇంజనీరు పెట్టే సంతకం నేరం. ఆ నేరం చేయకుండా ఉండే సామర్థ్యం మీకు మొదటి ఏడాదిలోనే రావాలి. అది ఇవ్వలేని కాలేజీ సివిల్ బ్రాంచి మూసుకోవాలి. మూసుకోకపోతే ప్రభుత్వమే మూయించాలి.